మీటరు బద్ద, తెల్ల పంచె

ఎర్ర పరికిణీ గుడ్డ కావాలని అడిగితే ఆ గుమస్తాగారు ముందు గ్లాసుడు నీళ్ళు తెమ్మని కుర్రాణ్ణి కేకేసేవారు. గుడ్డ తాను విప్పి, ఒక కొస నీళ్ళలో ముంచి పిండి, తన తెల్ల పంచె మీద మోకాలి దగ్గర పెట్టి గట్టిగా రుద్దేవారు. నాలుగైదుసార్లు రుద్ది చెయ్యి తీసి మా అమ్మకి చూపించేవారు. పంచె తెల్లగానే ఉంటే "ఎన్ని మీటర్లు కొయ్యమంటారు చెల్లెమ్మా" అనేవారు. కాస్త గులాబి ఛాయ కనపడినా సరే, తాను గబగబా చుట్టేసి వెనక్కి పెట్టేసేవారు. "పాపకి ఇది వద్దమ్మా. ఒక్క ఉతుక్కి పైన జాకెట్టు కూడా పాడైపోద్ది."

దసరా రోజుల్లో సాయంత్రం పూట వెళ్తే ఆయన మోకాలి మీద రకరకాల మరకలుండేవి. నెమలికంఠం, వంకాయ రంగు, చిలకపచ్చ, ఆనంద బ్లూ. ఇవన్నీ ఆరోజు ఆయన అమ్మనని చెప్పిన రంగులు.

ఆ కొట్టు బెజవాడలో, బీసెంట్ రోడ్డుకి నాలుగడుగుల దూరంలో ఉండేది. ఇప్పటికీ ఉంది. పేరు రాయను. మా ఇంట్లో ఆ పేరు ఎప్పుడూ మంచిమాటగానే పలికాం, ఈరోజు నేను చెప్పబోయే సంగతుల పక్కన దాన్ని పెట్టడానికి నాకు మనసొప్పదు. అక్కడ కొనుక్కున్నవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది.

మాది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. చెరుకు రైతులం. చక్కెర ఫ్యాక్టరీ నుంచి డబ్బులు చేతికొస్తే గానీ మా ఇంట్లో బట్టల మాట ఎత్తేవాళ్ళు కాదు. వచ్చాక మాత్రం అందరం ఎర్రబస్సెక్కి కంకిపాడు, పెనమలూరు, పటమట దాటుకుంటూ వచ్చి గవర్నరుపేట పాత బస్టాండులో దిగేవాళ్ళం. అక్కడ్నించి నడకే. నాన్న ముందు, అమ్మ వెనక, అమ్మ చెయ్యి పట్టుకుని నేను, నా వెనక తమ్ముడు. బీసెంట్ రోడ్డులో గాజులవాళ్ళు, రిబ్బన్లవాళ్ళు ఎంత పిలిచినా ఆగనిచ్చేవారు కాదు. ముందు కొట్టుకి వెళ్ళాలి. మిగిలిన డబ్బుల్ని బట్టి గాజులు.

మూడంతస్తుల మేడ అది. పైన ఇంగ్లీషులోనూ తెలుగులోనూ బోర్డు. కింద చీరలు, జాకెట్టు గుడ్డలు, పరికిణీ గుడ్డలు. మొదటి అంతస్తులో పాంటు గుడ్డలు, చొక్కా గుడ్డలు, గ్లాస్గో పంచెలు. ఆ పైన దుప్పట్లు, తువ్వాళ్ళు, కర్టెన్ల గుడ్డ, గొడుగులు, పెట్టెలు. పెళ్ళి చేసే ఇంటివాళ్ళు పొద్దున లోపలికెళ్తే సాయంత్రం బయటికొచ్చేవాళ్ళు, మళ్ళీ ఇంకో కొట్టు గుమ్మం తొక్కాల్సిన పని ఉండేది కాదు. కింద అంతస్తంతా తెల్ల దుప్పట్లు కప్పిన పరుపులు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ఆ పరుపుల మీద మేమూ కూర్చునేవాళ్ళం, ఎదురుగా గుమస్తాగారూ కూర్చునేవారు. ఈ కూర్చోవడం సంగతి గుర్తుపెట్టుకోండి. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

గల్లాపెట్టె దగ్గర పెద్దాయన. విభూది, వెండి చట్రం కళ్ళద్దాలు. మా నాన్నని చూడగానే "ఈ ఏడు టన్నులెన్ని వచ్చాయండీ రైతుగారూ" అని అడిగేవారు. మాకు గోళీసోడాలొచ్చేవి. సోడా తాగేసి నేనూ తమ్ముడూ పరుపు అంచున వాలి కూర్చుని, గుమస్తాగారు గుడ్డ కొలవడం చూసేవాళ్ళం. చివర ఇత్తడి తొడుగున్న మీటరు బద్ద. తూనికలు కొలతలవాళ్ళ ముద్ర ఉండేది దాని మీద. గుడ్డని లాగిపట్టి కొలిచేవారు కాదాయన, వదులుగా పరిచి కొలిచేవారు. లాగి కొలిస్తే మీటరుకి రెండు వేళ్ళు కొట్టుకి మిగులుతుంది, ఇంటికెళ్ళి తడిపాక ఆ రెండు వేళ్ళూ కొన్నవాళ్ళకి తరుగు. ఈ లెక్క నాకు చెప్పింది ఆయనే. కొలిచాక ఇంకో వేలెడు వదిలి కత్తెరతో గాటు పెట్టి సర్రున చించేవారు. ఆ చప్పుడు వినడానికే మా తమ్ముడు బెజవాడ వస్తానని పేచీ పెట్టేవాడు.

1982లో ఒకసారి నాన్న ఎప్పుడూ కట్టించుకునే బొంబాయి మిల్లు పాప్లిన్ కావాలన్నారు. గుమస్తాగారు తల అడ్డంగా ఊపారు. "రావట్లేదండీ. బొంబాయిలో మిల్లులన్నీ సమ్మెలో ఉన్నాయి." ఆ జనవరి 18న మొదలైన సమ్మె అది, దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపేశారు. ఆ మిల్లుల్లో చాలావాటికి తర్వాత కోలుకునే యోగం లేకపోయింది. ఇదంతా నేను పెద్దయ్యాక చదువుకున్నది. ఆరోజు నాకు తెలిసింది మాత్రం, పక్క అరలో అచ్చు అలాంటి పాప్లినే ఉందని. నాన్న అదే చూపించి అడిగారు. "దాని మీద ముద్ర ఒకటే ఉందండీ, గుడ్డ ఆ గుడ్డ కాదు. మీరు పొలంలో తిరిగే మనిషి, ఆర్నెల్లకి భుజం మీద పిగిలిపోద్ది" అని, దానికంటే తక్కువ ధరలో ఒక మద్రాసు మిల్లు గుడ్డ కోసి ఇచ్చారు. ఆ చొక్కా నేను హైస్కూలు దాటేదాకా నాన్న ఒంటి మీద చూశాను.

నా పెళ్ళి 1994లో. పెళ్ళి బట్టలు తీయడానికి పదిహేనుమందిమి వెళ్ళాం. పట్టుచీర దగ్గర మా మేనత్తకి అనుమానమొచ్చింది, అసలు పట్టా కాదా అని. అంతమందిలో ఆ మాట అనేసరికి మా అమ్మ మొహం చిన్నబోయింది. గుమస్తాగారు మాత్రం ఏమీ అనుకోలేదు. చీర చివర కుచ్చుల్లోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించారు. పోగు చురచురమని ముడుచుకుంది. "వాసన చూడండమ్మా" అని అత్తకి అందించారు. జుట్టు కాలిన వాసన. బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడిపొడి అయిపోయింది. "పాలియెస్టరైతే కరిగి పూసలా గడ్డకడుతుంది, నలగదు" అన్నారు. తర్వాత జరీ పోగు తీసి గోటితో గీకారు. పైపూత కింద ఎర్రటి పట్టుదారం బయటపడింది. అసలు జరీ అంటే ఎర్ర పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పూసింది. లోపల తెల్ల నూలో ప్లాస్టిక్కో కనపడితే అది వేరే సరుకు. "ఈ రెండూ మీరు ఎక్కడైనా చెయ్యండి. చెయ్యనివ్వని కొట్లో కొనకండి" అన్నారు ఆయన.

అత్త వెంటనే ఇంకో రెండు చీరలు తీసుకుంది. మధుపర్కాలు విడిగా తెల్ల గుడ్డలో చుట్టి, నాలుగు కొసలా పసుపు పెట్టి, పెద్దాయన చేతుల మీదుగా ఇచ్చారు. మేం అడక్కుండానే.

కొట్టు ఒక్కరోజులో మారలేదు. అందుకే మాకు తెలియలేదు. 2004 పుష్కరాలకి వచ్చిన చుట్టాల్ని తీసుకెళ్తే పరుపులు లేవు. గాజు బల్లలు, వాటి ముందు కొన్నవాళ్ళకి స్టూళ్ళు, వెనక నిలబడి అమ్మేవాళ్ళు. ఏసీ పెట్టారు. అంతవరకూ బాగానే ఉంది, ఆగస్టు ఉక్కపోతలో ఎవరికి కాదనాలనిపిస్తుంది. పెద్దాయన ఫోటోకి దండ ఉంది. కొడుకులు పంచుకున్నారని, పై రెండు అంతస్తులూ ఒకరివి, కిందది ఒకరిదని తెలిసింది. మా గుమస్తాగారు ఇంకా ఉన్నారు. పంచె పోయి పాంటు వచ్చింది, అదీ నీలం రంగు యూనిఫాం. అమ్మని చూడగానే ఆ పాంటు వైపు తనే చూసుకుని "దీని మీద రుద్దితే ఏం తెలుస్తుందమ్మా" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉందో మా అమ్మ చాలా రోజులు చెప్పుకుంది.

2016 పుష్కరాల నాటికి ఆయన లేరు. మానేశారన్నారు. ఎక్కడుంటారో చెప్పగలిగినవాళ్ళు ఆ కొట్లో ఒక్కరూ లేరు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ పరుపుల మీద కూర్చున్న మనిషి.

వ్యాపారం కష్టమైపోయిందని నాకూ తెలుసు. ఎదురుగా ఐదంతస్తుల షోరూములు లేచాయి, సినిమా తారలు వచ్చి రిబ్బన్లు కత్తిరించారు, టీవీలో రోజంతా ప్రకటనలు. పెద్దనోట్ల రద్దు, జీఎస్టీ, ఆపైన 2020 లాక్‌డౌన్ ఒకదాని వెనక ఒకటి తగిలాయి. జనం ఫోన్లోనే చీర చూసి ఫోన్లోనే కొంటున్నారు. ఇన్నింటి మధ్య నిలబడ్డ కొట్టుని నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ పెద్ద షోరూములతో పోటీపడాలని వీళ్ళు తమ దగ్గర మాత్రమే ఉన్నదాన్ని వదులుకున్నారు. అద్దాలూ లైట్లూ డబ్బుంటే ఎవరైనా పెట్టగలరు. గుడ్డ తెలిసి, కొన్నవాళ్ళ ఇల్లు తెలిసి, "వద్దు" అనగలిగే అధికారం ఉన్న గుమస్తాని పెద్ద షోరూమువాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఆ మనిషి వీళ్ళ దగ్గర ఉన్నాడు. ఖర్చు కింద లెక్కేసి పంపేశారు.

ఆషాఢం సంగతి చూడండి. మా చిన్నప్పుడు ఆషాఢంలో ముక్కలు అమ్మేవాళ్ళు. ఏడాది పొడుగునా తాన్ల చివర మిగిలిన మీటరున్నర, రెండు మీటర్లు, మడతల దగ్గర వెలిసిన చీరలు. ఎందుకు తక్కువో ముందే చెప్పేవారు. మా పరికిణీలూ దిండు గలీబులూ అన్నీ ఆషాఢం ముక్కలే. ఇప్పుడు ఆషాఢానికని వేరే సరుకు లారీల్లో దిగుతోంది. చీటీ మీద ఒక ధర వేసి, దాన్ని కొట్టేసి సగం వేస్తున్నారు. ఆ కొట్టేసిన ధరకి ఆ చీర ఒక్కరోజైనా అమ్ముడైందా అని అడిగితే జవాబు లేదు.

కొలతలోనూ అంతే. చీరంటే ఆరు గజాలు, ఐదున్నర మీటర్లు. జాకెట్టు ముక్క కలిసి వస్తే అది ఇంకో ఎనభై సెంటీమీటర్లు. మొన్న తెచ్చిన చీర ఇంట్లో టేపు పెట్టి కొలిచాను. జాకెట్టుతో కలిపి ఐదున్నర. జాకెట్టు కత్తిరించాక మిగిలింది నాలుగు మీటర్ల డెబ్భై. నాలాంటి మనిషికి నాలుగు కుచ్చిళ్ళు కూడా సరిగ్గా రావు.

ఇక నన్ను బాగా బాధపెట్టిన సంగతి. 2022లో మా అక్కావాళ్ళ షష్టిపూర్తికి ఆ కొట్లోనే చీర తీసుకున్నాను, వేరే ఎక్కడ తీసుకున్నా అక్క ఒప్పుకోదు. మెరూన్ ఒళ్ళు, క్రీం రంగు అంచు. పోచంపల్లి అన్నారు. నేను తొందరలో తిరగేసి చూడలేదు, తప్పు నాదే. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకి ముందే ముడులు వేసి రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైను రెండు వైపులా ఒకేలా కనపడుతుంది. ఇంటికెళ్ళి చూస్తే వెనక పాలిపోయి ఉంది. అచ్చు గుద్దిన గుడ్డ. పోనీలే అనుకుంది అక్క. కానీ మొదటిసారి తడిపేసరికి మెరూన్ రంగంతా క్రీం అంచులోకి దిగిపోయింది.

పదకొండో రోజున బిల్లుతో సహా పట్టుకెళ్ళాను. కింద కౌంటర్లో కుర్రాడు చీర విప్పకుండానే బిల్లు తిరగేసి నీలం రబ్బరు స్టాంపు చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. "రంగు చూడు బాబూ" అన్నాను. "చూసినా ఒకటే మేడమ్, మా చేతుల్లో ఏం ఉండదు" అన్నాడు. మేనేజరుని పిలవమంటే ఆయన ఫోన్లో మాట్లాడుతూనే వచ్చి, చెవి దగ్గర ఫోను అలాగే పెట్టుకుని, "డ్రై క్లీనింగుకి ఇవ్వాల్సిందండీ" అని వెళ్ళిపోయాడు. నూలు చీరకి డ్రై క్లీనింగు!

2019లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువు లోపల, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే అది అనుచిత వ్యాపారం కిందికొస్తుంది. 2020 జులై నుంచి అమల్లో ఉంది. ఇది నాకు ఆరోజే తెలుసు. కమిషన్‌కి వెళ్దామని మావారు కూడా అన్నారు. వెళ్ళలేదు. పెద్దాయన ఫోటో కింద నిలబడి ఆయన కొట్టు మీద ఫిర్యాదు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. చెరుకు టన్నులడిగిన మనిషి ఆయన. ఆ చీర ఇప్పటికీ అక్క బీరువాలో మడతపెట్టి ఉంది.

మొన్న సంక్రాంతికి ముందు మళ్ళీ వెళ్ళాను. ఎందుకు వెళ్ళావంటే చెప్పలేను. మా అమ్మాయికి మంగళగిరి చీర కావాలంది, నా కాళ్ళు అటే నడిచాయి. కౌంటర్లో ఇరవై రెండేళ్ళుంటాయేమో, ఒక అమ్మాయి. మెడలో కార్డు. ఎర్ర స్టిక్కరున్న చీరలన్నీ తీసి పరుస్తోంది. "ఆఫర్ ఉంది మేడమ్, రెండు తీసుకుంటే మూడోది ఫ్రీ." మా అమ్మాయి ఒక ఎర్రచీర పట్టుకుంది. కాసిని నీళ్ళిమ్మని అడిగాను. ఆ అమ్మాయి కంగారుగా పైకి చూసింది. "కెమెరాలున్నాయండీ. గుడ్డ తడపనివ్వరు."

సరేనని చీర అక్కడ పెట్టేశాను. ఆ అమ్మాయి దాన్ని తీసుకుని మడతపెడుతూ, తల ఎత్తకుండా, "అది వద్దులెండి ఆంటీ. మరమగ్గం" అంది.

"నీకెలా తెలుసమ్మా?"

అంచు మీద బొటనవేలు ఆనించి చిన్నగా చూపించింది. "గీత గీసినట్టుంది చూడండి. చేత్తో నేస్తే ఎక్కడో ఒకచోట పోగు కాస్త వంగుతుంది. మాది మంగళగిరే. మా ఇంట్లో గుంట మగ్గం ఉండేది. చిన్నప్పట్నించీ కండెలు చుట్టేదాన్ని." వాళ్ళ నాన్న మగ్గం దిగి ఎనిమిదేళ్ళయిందట, ఆటో నడుపుతున్నాడట. పొద్దున పదింటికి కౌంటర్లోకొస్తే రాత్రి తొమ్మిదిన్నరకి దిగుతుంది. "మధ్యలో కూర్చుంటారా?" అన్నాను. కూర్చోవడానికి అక్కడ ఏముంది? కొనేవాళ్ళ వైపు నాలుగు స్టూళ్ళున్నాయి, అమ్మేవాళ్ళ వైపు ఒక్కటీ లేదు. బట్టల కొట్లలో పనిచేసే ఆడపిల్లలు పోరాడితే కేరళలో 2018లో కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది, 2021లో తమిళనాడులోనూ వచ్చింది. పనివేళల్లో కుర్చీ ఇవ్వండి అని చట్టం రాసుకోవాల్సి వచ్చింది మనకి. మా గుమస్తాగారు కాళ్ళు మడుచుకుని, చేతికందేంత దూరంలో పదిహేను తాన్లు పెట్టుకుని కూర్చునేవారు. ఆ కూర్చున్న మనిషికే గుడ్డని వదులుగా పరిచి కొలిచే తీరిక ఉండేది.

ఈ అమ్మాయి వేళ్ళకి కూడా అంతే తెలుసు. ఆయనకి తెలిసినదానికంటే ఎక్కువే తెలుసేమో, నేసే ఇంట్లో పుట్టింది. ఆ కొట్లో ఎవరికీ ఆ సంగతి అక్కర్లేదు. ఎర్ర స్టిక్కరున్నవి ఎన్ని కదిలాయన్నదే సాయంత్రం లెక్క, దాని మీదే ఆమెకి నెలాఖరున వచ్చే అదనపు డబ్బులు.

అటూ ఇటూ చూసి, కింది అరలో అడుగున ఉన్న కట్టలోంచి ఒక చీర లాగింది. పచ్చి పసుపు రంగు, సన్నటి జరీ అంచు. స్టిక్కరు లేదు. "ఇది మావైపుదే" అంది. చేతిలోకి తీసుకుంటేనే తెలిసిపోయింది నాకు. ఇంతలో ఫ్లోర్ మేనేజరు దూరం నుంచి, "ఆ అర కాదు, ఇటు చూపించు" అని కేకేశాడు. "చూపిస్తున్నా సార్" అని నాలుగు ఎర్ర స్టిక్కరు చీరలు తెచ్చి ఆ పసుపు చీర మీద పరిచింది. అడుగున దాని కొస మాత్రం నా వైపుకి తోసి ఉంచింది.

అమ్మకి ఫోన్ చేశాను. ఎనభై దాటాయి అమ్మకి, ఇప్పుడు బెజవాడ దాకా రాలేదు. ఫలానా కొట్లో ఉన్నానంటే ముందు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"రంగు చూశారా?" అంది తర్వాత.

"చూడనివ్వడం లేదమ్మా. ఇక్కడమ్మాయి బాగుందంటోంది."

"ఎవరమ్మాయి?"

"మంగళగిరి. మగ్గం వాళ్ళమ్మాయట."

"అయితే తీసుకో" అంది అమ్మ.